నా షాపు దోచిన పిల్లాడి ఎదురుగా కూర్చోమంటున్నారు, వెళ్ళాలా వద్దా?

ముందు ఉత్తరం సంగతి చెప్తాను. రాసినావిడ న్యూజిలాండ్‌లో ఉంటారు, ఊరి పేరు వద్దన్నారు, ఆక్లాండ్‌కి దక్షిణంగా అని రాసుకోండి చాలు అన్నారు. ఆవిడా వాళ్ళాయనా ఆరేళ్ళుగా డెయిరీ నడుపుతున్నారు. డెయిరీ అంటే పాలకేంద్రం అనుకునేరు, అక్కడ వీధి చివర కిరాణా కొట్టుని అలాగే అంటారు, పాలు బ్రెడ్డు చాక్లెట్లు సిగరెట్లు అన్నీ దొరుకుతాయి. ఒకరోజు సాయంత్రం ఆయన సరుకు తేవడానికి వెళ్ళారు, ఈవిడ ఒక్కరే కౌంటర్ దగ్గర, వెనకాల పాల క్రేట్ బోర్లించి దానిమీద కూర్చుని తొమ్మిదేళ్ళ కూతురు హోంవర్క్ చేసుకుంటోంది. మొహాలు కప్పుకుని నలుగురు వచ్చారు. ఒకడి చేతిలో సుత్తి. సిగరెట్ల క్యాబినెట్ అద్దం పగలగొట్టారు, గాజు ముక్క ఈవిడ మణికట్టు మీద కోసుకుపోయింది, ఐదు కుట్లు పడ్డాయి. క్యాష్ డ్రాయర్‌తో సహా పట్టుకుపోయారు, మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదట.

ఇద్దరు దొరికారు. సుత్తి పట్టుకున్నవాడికి 19, బ్యాగ్ పట్టుకున్నవాడికి 15. ఆ 15 ఏళ్ళ పిల్లాడి దగ్గరే అసలు ముడి ఉంది. వాడు ఈవిడకి తెలుసు. స్కూల్ అయ్యాక వచ్చి రెండు డాలర్ల లాలీ బ్యాగ్ (మిఠాయిల పొట్లం) కొనేవాడు, పది సెంట్లు తక్కువైతే "పర్లేదులేరా" అని పంపేసేవారు. పాప కూడా వాడిని గుర్తుపట్టింది.

ఇప్పుడు రెండు ఫోన్లు వచ్చాయి. ఆ పిల్లాడితో ఏదో ఫ్యామిలీ మీటింగ్ ఉంది వస్తారా అని ఒకరు, 19 ఏళ్ళవాడు మిమ్మల్ని కలవడానికి ఒప్పుకున్నాడు, మీకు ఇష్టమేనా అని ఇంకొకరు. ఆవిడ మాటల్లోనే: "నువ్వు వెళ్తే వాళ్ళకి శిక్ష తగ్గించమని సంతకం పెట్టినట్టే అంటున్నారు ఆయన. అమ్మేమో ఖమ్మం నుంచి ఫోన్ చేసి కోర్టు గొడవలు మనకెందుకే, వదిలెయ్ అంటోంది. నాకు మాత్రం ఆ పిల్లాడి మొహం చూసి ఒక్క మాట అడగాలని ఉంది. కానీ షాపు తలుపు బెల్లు మోగితేనే ఉలిక్కిపడుతున్నాను, ఆ గదిలో ఎలా కూర్చుంటాను? వెళ్ళకపోతే తప్పవుతుందా? వెళ్తే వాళ్ళ స్నేహితులు మళ్ళీ మా షాపు మీదకి రారా? పాప తనూ వస్తానంటోంది, తీసుకెళ్ళొచ్చా?"

ఇంక నా జవాబు.

చూడమ్మా, నేను లాయర్‌ని కాదు, ఈ పద్ధతుల గురించి తెలుసుకుని, అలాంటి గదుల్లో కూర్చుని వచ్చిన వాళ్ళతో మాట్లాడినదాన్ని, అంతే. మీ కేసులో చట్టం మాట కోసం మిమ్మల్ని చూస్తున్న పోలీసాఫీసర్‌ని అడగండి. కానీ మీ ఉత్తరం చదివితే మీరూ మీ ఆయనా రెండు వేరు వేరు సంగతుల్ని ఒకటే అనుకుని పోట్లాడుకుంటున్నారని అనిపించింది, ముందు దాన్ని విడదీద్దాం.

మొదటి ఫోన్, పిల్లాడిది. దాన్ని ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్ అంటారు, అక్కడ అందరూ ఎఫ్‌జీసీ అనేస్తారు. ఇది ఎవరో దయతలచి పెట్టిన మీటింగ్ కాదు, 1989 చట్టంలో ఉన్నదే. అంతకుముందు మావోరీ (అక్కడి మూలవాసుల) పిల్లలని చిన్న చిన్న తప్పులకి కూడా ఇంటినుంచి తీసుకెళ్ళి ప్రభుత్వ హోముల్లో పెట్టేవాళ్ళు, మా పిల్లల్ని మా కుటుంబానికి చెప్పకుండా మీరెవరు తేల్చడానికి అని వాళ్ళు గట్టిగా అడిగారు. 1986లో దాని మీద ఒక రిపోర్టు తయారైంది, దాని మావోరీ పేరుకి అర్థం తెల్లవారుజాము. మూడేళ్ళకి చట్టం మారింది. అప్పటినుంచి యూత్ కోర్టులో పిల్లలు "కాదనడం లేదు" అంటే (ఒప్పుకున్నాను అనక్కర్లేదు, కాదనకపోతే చాలు, ఆ మాట తమాషాగా ఉంటుంది గానీ చట్టంలో అలాగే ఉంది) జడ్జి ముందు ఎఫ్‌జీసీకి పంపుతాడు. హత్య లాంటివి తప్ప పెద్ద కేసులు కూడా ఇలాగే వెళ్తాయి. దీన్ని నడిపేది యూత్ జస్టిస్ కోఆర్డినేటర్. మీకు ఫోన్ చేసింది వాళ్ళే.

రెండో ఫోన్, 19 ఏళ్ళవాడిది. వాడు పెద్దవాడి కిందే లెక్క, డిస్ట్రిక్ట్ కోర్టు. అక్కడ నేరం ఒప్పుకున్నాక, బాధితులు ఉన్న కేసైతే శిక్ష వేసేముందు వాయిదా వేసి, రెస్టోరేటివ్ జస్టిస్ (బాధితులనీ తప్పు చేసినవాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం) కుదురుతుందేమో కనుక్కోమని పంపిస్తారు, 2014లో శిక్షల చట్టాన్ని మార్చి ఈ పద్ధతి పెట్టారు. ఇక్కడ ఫెసిలిటేటర్లు ముందు మీతో విడిగా, వాడితో విడిగా మాట్లాడతారు, ఇద్దరూ సరే అంటేనే కలుపుతారు. మీరు వద్దంటే అక్కడితో ఆగిపోతుంది, కేసు మామూలుగా శిక్ష దాకా వెళ్తుంది. జరిగితే మాత్రం ఆ గదిలో ఏమైందో రిపోర్టు జడ్జికి వెళ్తుంది, దాన్ని ఆయన లెక్కలోకి తీసుకోవాలి.

అంటే మీ ఆయన చెప్పింది 19 ఏళ్ళవాడి విషయంలో పూర్తిగా తప్పు కాదు. శిక్ష కొంత తగ్గే అవకాశం ఉంది. వాడు వస్తానన్నది పశ్చాత్తాపంతోనా, లాయర్ చెవిలో చెప్పినందుకా, మీకూ నాకూ తెలీదు, రెండూ కొంచెం కొంచెం ఉండొచ్చు కూడా. కానీ మీరేమీ సంతకం పెట్టరు. శిక్ష వేసేది జడ్జి. మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా మీకు జరిగిందంతా విక్టిమ్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్ అని రాసి ఇవ్వొచ్చు, కుట్లు, నిద్ర పట్టకపోవడం, బెల్లుకి ఉలిక్కిపడటం, పాప రాత్రిళ్ళు లేవడం, అన్నీ. అది మీ హక్కు, మీటింగ్‌తో ముడిపెట్టుకోకండి.

మీ అమ్మగారు "వదిలెయ్" అంటున్నారు కదా, ఆవిడ మనసులో ఏముందో నాకు అర్థమవుతుంది, ఎందుకంటే మనందరికీ "కూర్చోబెట్టి మాట్లాడటం" అనగానే రచ్చబండే గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక కుర్రాడు గడ్డివాము తగలబెట్టాడు. పంచాయితీ పెట్టారు, వేపచెట్టు కింద నులకమంచాలు వేశారు, వాడి నాన్న పెద్దమనుషుల కాళ్ళ మీద పడ్డాడు, ఐదొందలు తప్పు వేశారు, అందులో సగం ఆ రాత్రే కల్లు దుకాణంలో అయిపోయింది. గడ్డివాము ఎవరిదో తెలుసా, ఒక ముసలామెది, ఒక గేదె పెట్టుకుని బతికేది. ఆమె చెట్టుకి అవతల నిలబడే ఉంది. గేదెకి మేత ఏం పెడతావమ్మా అని ఒక్కళ్ళూ అడగలేదు. "సరేలే సర్దుకుపో" అన్నారు, అంతే. రాజీ అంటే మనకి అది.

ఎఫ్‌జీసీ అది కాకూడదు, కాగితం మీద చట్టమైతే అలాగే రాసి ఉంది. నడిపేవాళ్ళు సరిగ్గా లేకపోతే అదీ రచ్చబండలాగే తయారవుతుంది, ఆ మాట కూడా చెప్పాలి. తేడా ఎక్కడంటే, మాట్లాడే వరుసలో మీరు ముందుంటారు. మామూలుగా ఎలా జరుగుతుందంటే, ఒక హాలో, మరాయెనో (మావోరీల సమావేశ మందిరం), ఆ కుటుంబానికి ఇష్టమైతే ప్రార్థనతో మొదలవుతుంది, అందరూ తమ పేరు చెప్పుకుంటారు. పోలీసాయన ఏం జరిగిందో చదువుతాడు. పిల్లాడిని అవునా కాదా అని అడుగుతారు. తర్వాత మీరు, ఎంతసేపు కావాలంటే అంతసేపు. అక్కడ వాడి అమ్మమ్మో అత్తో మేనమామో ఉంటారు, మీరు మాట్లాడుతుంటే వాళ్ళు వింటారు. అదేదో చిన్న విషయం అనుకోకండి, కోర్టులో జడ్జి ముందు తల దించుకోవడం వేరు, అమ్మమ్మ పక్కన కూర్చుని వినడం వేరు.

తర్వాత మీరు, పోలీసు, కోఆర్డినేటర్ బయటికి వచ్చేస్తారు. కుటుంబం ఒక్కటే లోపల మాట్లాడుకుంటుంది. ఆ అరగంటో గంటో మీరు కారిడార్‌లో టీ కప్పు పట్టుకుని నిలబడాలి, అప్పుడు నేనెందుకొచ్చానురా బాబూ అనిపిస్తుందని వెళ్ళొచ్చిన ఒకావిడ నాతో అన్నారు. ముందే తెలిసుంటే మంచిదని చెప్తున్నాను. తర్వాత వాళ్ళు ఒక ప్లాన్‌తో వస్తారు: ఇన్ని గంటలు కమ్యూనిటీ పని, స్కూల్‌కో ట్రైనింగ్‌కో వెళ్ళడం, గంజాయి తాగుతుంటే దానికి ట్రీట్‌మెంట్, ఆ స్నేహితులతో తిరగకపోవడం, మీ షాపు దగ్గరికి రాకపోవడం, డబ్బు. డబ్బు గురించి ఆశ తక్కువ పెట్టుకోండి, అలాంటి ఇళ్ళల్లో వారానికి పది డాలర్లంటేనే పెద్ద మాట కావొచ్చు.

ఆ ప్లాన్‌కి అందరూ ఒప్పుకోవాలి, అందులో మీరూ ఉన్నారు. మీకు నచ్చకపోతే చెప్పొచ్చు. మీరు ఒప్పుకోకపోతే మాట కుదరలేదని కేసు తిరిగి జడ్జి దగ్గరికి వెళ్తుంది, అక్కడ ఇంక మీ మాట అంతగా నడవదు, అది గుర్తుపెట్టుకోండి. ఒప్పుకుంటే, వాడు ప్లాన్ మొత్తం పూర్తి చేస్తే, జడ్జి అసలు కేసే పెట్టనట్టు కొట్టేసే వీలుంది. సుత్తితో దోపిడీ అంటే అంత తేలిగ్గా వదలకపోవచ్చు, గట్టి ఆర్డర్లూ వేయొచ్చు, కానీ ఆ దారి చట్టంలో ఉంది. మీ ఆయనకి ఇది ముందే చెప్పండి. తర్వాత తెలిస్తే నీ వల్లే వాడు బయటపడ్డాడని జీవితాంతం అంటారు.

ఇప్పుడు క్షమించడం సంగతి. వెళ్ళడమంటే క్షమించడం కాదు. వాడు సారీ చెప్తే మీరు "పర్లేదు" అనక్కర్లేదు. పది సెంట్లకి పర్లేదు అన్నారు కాబట్టి దీనికీ అలవాటుగా నోట్లోంచి అదే మాట వచ్చేస్తుందేమో, మన ఆడవాళ్ళకి ఆ జబ్బుంది, జాగ్రత్త. "విన్నాను" అనండి, చాలు. ఏమీ అనకపోయినా చాలు.

ఇవన్నీ పని చేస్తాయా అంటే, కొంత. 1974లో కెనడాలో ఎల్మైరా అనే చిన్న ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు ఒక్క రాత్రి 22 చోట్ల కార్లూ ఇళ్ళూ ధ్వంసం చేస్తే, ఒక ప్రొబేషన్ ఆఫీసర్ వాళ్ళని ఇంటింటికీ తీసుకెళ్ళి తలుపు కొట్టించాడు, ఇప్పటి ఈ పద్ధతులకి అది ఒక మొదలు అంటారు. తర్వాత చాలా దేశాల్లో లెక్కలు తీశారు, 2013లో 10 ప్రయోగాలని కలిపి చూసిన ఒక రివ్యూ ఉంది, తప్పు చేసినవాళ్ళు మళ్ళీ చేయడం తగ్గింది గానీ ఓ మోస్తరుగానే తగ్గింది, వెళ్ళిన బాధితులు మాత్రం వెళ్ళనివాళ్ళకంటే ఎక్కువ తృప్తిగా ఉన్నారు. వీళ్ళంతా ఇష్టపడి సరే అన్నవాళ్ళే కదా, ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి. ఇష్టం లేకుండా మొహమాటానికి వెళ్తే ఆ లెక్క మీకు వర్తించదు.

కాబట్టి మీ ముందున్నవి చూద్దాం. నా లెక్కలో రెండు ఫోన్లకీ ఒకే జవాబు ఇవ్వక్కర్లేదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, 19 ఏళ్ళవాడి గురించి రెండు వాక్యాలే ఉన్నాయి, పిల్లాడి గురించి ఒకటిన్నర పేజీ ఉంది. మీకు అడగాలని ఉన్నది పిల్లాడిని. సుత్తివాడిని కలవాలని మీకు లేకపోతే వద్దని చెప్పేయండి, కారణం కూడా చెప్పక్కర్లేదు, వద్దన్నందుకు మీ మీద ఎవరూ ఏమీ రాయరు. దాని వల్ల పోయేదల్లా అతను ఎందుకు మీ షాపే ఎంచుకున్నాడో అతని నోటితో వినే అవకాశం. అది మీకు అక్కర్లేదంటే అక్కర్లేదు.

పిల్లాడి మీటింగ్‌కి మీరే వెళ్ళొచ్చు. లేదా మీ తరఫున ఒకరిని పంపొచ్చు, లేదా ఉత్తరం రాసి కోఆర్డినేటర్ చేత చదివించొచ్చు. ఉత్తరం పంపితే మీ వణుకు వాళ్ళకి కనపడదు, అది లాభమూ నష్టమూ కూడా, మీ ప్రశ్నకి వాడు చెప్పే జవాబు మీకు ఎవరో ఫోన్‌లో చెప్తారు, మీరు వాడి మొహం చూడలేరు. మీరు వెళ్ళి, మీ మాట చెప్పేసి, ప్లాన్ దాకా ఆగకుండా వచ్చేయడం కూడా ఉంది, చాలామందికి అది తట్టదు. అప్పుడు ప్లాన్‌లో మీ మాట పోతుందేమో, ముందే కోఆర్డినేటర్‌కి "నాకు ఇవి కావాలి, ఇవి అక్కర్లేదు" అని కాగితం మీద ఇచ్చి రండి. అసలు వెళ్ళకపోవడం కూడా ఉంది. మీ మణికట్టు, మీ నిద్ర, మీ ఇష్టం, వాడిని బాగుచేసే బాధ్యత మీ నెత్తిన ఎవరూ పెట్టలేదు, ఎవరైనా మాటల్లో పెట్టినట్టు అనిపిస్తే ఆ ఫోన్ పెట్టేయండి.

భయం గురించి. ఇది మీ ఊహ అని నేను అనను. 2022 నవంబర్‌లో ఆక్లాండ్ సాండ్రింగామ్‌లో డెయిరీలో పనిచేసే మన భారతీయుడు ఒకరు దొంగల చేతిలో చనిపోయారు, అప్పటినుంచి ఆ దేశంలో కౌంటర్ వెనక నిలబడే ప్రతి ఒక్కళ్ళకీ ఆ సంగతి మెడ మీద ఉంటుంది. అందుకని కోఆర్డినేటర్‌తో మొదటి మాటగా ఇదే మాట్లాడండి: మా ఇంటి అడ్రస్ ఎవరికీ చెప్పకూడదు, దొరకని ఇద్దరి గురించి పోలీసుల దగ్గర ఏముంది, పిల్లాడి బెయిల్ షరతుల్లో మా షాపు వైపు రాకూడదని ఉందా. మీటింగ్‌కి వెళ్తే పగ పెరుగుతుందా తగ్గుతుందా అని ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు, పిల్లాడి కుటుంబం మిమ్మల్ని మనిషిగా చూశాక ఆ ఇంటి వైపునుంచి గొడవ వచ్చే అవకాశం తక్కువని నా నమ్మకం, నమ్మకమే, గ్యారంటీ కాదు. ఇంకో మాట, ఆ సీసీ కెమెరా క్లిప్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారని రాశారు, ఆపించండి. యూత్ కోర్టు కేసుల వివరాలు అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. మీటింగ్‌లో విన్నది కూడా బయట చెప్పకూడదు, మీ చెల్లెలికి కూడా.

మీ ఆయన. ఆయన కోపం వాళ్ళ మీద ఎంత ఉందో తెలీదు గానీ, ఆ సాయంత్రం తను షాపులో లేడన్నది ఆయన్ని తినేస్తోందని నాకనిపిస్తోంది, మీ ఉత్తరంలో "ఆయన ఇప్పుడు సరుకుకి కూడా నన్ను వెంట తీసుకెళ్తున్నారు" అన్న లైన్ దగ్గర ఆగిపోయాను. ఆయన్ని వాదించి గెలవకండి. "నువ్వు నాతో వచ్చి పక్కన కూర్చుంటావా" అని అడిగి చూడండి. బాధితులు తోడు తెచ్చుకోవచ్చు, అది కూడా చట్టంలోనే ఉంది. ఆయన గొంతు పెంచినా ఆ గది తట్టుకుంటుంది, కోపం చూడ్డానికే కదా వాళ్ళు వచ్చేది. కానీ బెదిరింపులోకి దిగితే మీటింగ్ ఆగిపోతుంది, మీ మాట మధ్యలోనే పోతుంది. అలా జరుగుతుందని మీకు అనుమానం ఉంటే ఆయన బదులు ఒక స్నేహితురాలిని తీసుకెళ్ళండి, ఆయన్ని బయట కార్లో ఉండమనండి. ఆయన్ని ఎవరైనా కౌన్సిలర్‌తో మాట్లాడించగలిగితే ఇంకా మంచిది. విక్టిమ్ సపోర్ట్ (బాధితులకి సాయపడే సంస్థ) వాళ్ళు మీకొక్కరికే కాదు, ఇంట్లోవాళ్ళకి కూడా ఉచితంగానే సాయం చేస్తారు.

పాపని తీసుకెళ్ళొద్దు. ఇక్కడ మాత్రం ఆప్షన్లు ఇవ్వను. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ గదిలో పోలీసు చదివే వివరాలు మళ్ళీ వినక్కర్లేదు, అమ్మ ఏడవడం చూడక్కర్లేదు. కానీ తను ఎందుకు వస్తానంటోందో మీరు చివర్లో చిన్నగా రాశారు, "ఆ అన్నయ్య నన్ను చూశాడా అమ్మా, చూసి కూడా ఆగలేదా" అని అడుగుతోందని. ఆ ప్రశ్న మీరు పట్టుకెళ్ళండి.

గురువారం కోఆర్డినేటర్ మళ్ళీ ఫోన్ చేస్తారన్నారు కదా. వెంటనే అవునో కాదో చెప్పొద్దు, తేదీ, టైమ్, చోటు మీతో కూడా మాట్లాడే పెట్టాలి, షాపు మూసే టైమ్‌కి పెట్టొద్దని చెప్పండి. మీ ఇంగ్లీషు బాగానే ఉన్నా కోపం వచ్చినప్పుడు తెలుగే వస్తుంది, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. తలుపు దగ్గర కుర్చీ అడగండి. తర్వాత ఇంట్లో కూర్చుని ఒక కాగితం తీసుకుని మీకేం కావాలో, ఏం వద్దో రాసుకోండి, వెళ్ళినా పనికొస్తుంది, ఉత్తరం పంపినా పనికొస్తుంది. పాప ప్రశ్న మొదటి లైన్‌లో రాయండి.